వాకిట నిలిచిన దుబాసీ

అడగనిదే అమ్మయినను పెట్టదని సామెత. అడిగినవారికి లేదనకుండ పెట్టుట నేడు కంప్యూటరు తెర నేర్చిన విద్య. రైలు ఏ వేళకు బయలుదేరునో, ఫలానా గ్రంథము ఏ గ్రంథాలయమున కలదో, ఫలానా పదమునకు నిఘంటువు ఏ అర్థము చెప్పుచున్నదో, నాలుగు అక్షరములు కొట్టి మీట నొక్కినంతనే సమాధానము కన్నుల ఎదుట నిలుచును. ఆ సమాధానపు పుట అంతకు ముందు ఎచ్చటను వ్రాసి పెట్టబడి యుండలేదు. అడిగిన తరువాతనే అది పుట్టినది; చదివి మూసిన పిమ్మట అది లేదు. ఈ వింత ఎంతగా అలవాటైనదనగా, ఇది వింత యని తోచుటయే మానినది.

వెబ్ తొలినాటి స్వరూపము ఇట్టిది కాదు. అది ముఖ్యముగా పుటల భాండాగారము. ఎవరో ఒకరు పుటను వ్రాసి సర్వరు అను యంత్రమున ఉంచవలెను. దూరముననున్నవాడు దాని చిరునామా చెప్పి కోరవలెను. సర్వరు ఆ పుటను ఉన్నదున్నట్లు తీసి యీయవలెను. బీరువాలోని పుస్తకమును నెంబరు చెప్పినచో తెచ్చి యిచ్చు బంట్రోతు పని యెట్టిదో, సర్వరు పనియు అట్టిదే. కాని లోకమున విలువగల సమాచారమెల్ల పుటలుగా వ్రాసి సిద్ధముగా లేదు. గ్రంథసూచికలు, శాస్త్రపత్రముల పట్టికలు, టెలిఫోను జాబితాలు పెద్ద కంప్యూటర్లలోని డేటాబేసులలో ఉండెను. వానిని పుటలుగా వ్రాయబూనినచో ఒక జీవితకాలము చాలదు; వ్రాసినను రేపటికవి పాతబడును. పైగా ఆ డేటాబేసులు ఒక్కొక్కటి ఒక్కొక్క భాషలో అడిగిననేగాని పలుకవు. వెబ్ సర్వరునకు ఆ భాషలు రావు.

కంపెనీవారి కాలమున చెన్నపట్టణములో దుబాసీలు ఉండెడివారు. దొరకు ఇక్కడి భాషలు రావు. ఇక్కడి వర్తకునకు దొర భాష రాదు. ఇరువురి నడుమ నిలిచి, ఆ మాట ఈతనికిని ఈ మాట ఆతనికిని చెప్పి బేరము కుదుర్చువాడు దుబాసీ. రెండు భాషలు తెలిసినవాడని ఆ పేరునకు అర్థము. వెబ్ సర్వరునకును పాత డేటాబేసునకును నడుమ నిలిచిన గేట్‌వే ప్రోగ్రాము సరిగా ఇట్టి దుబాసీయే. అది సర్వరు అప్పగించిన ప్రశ్నను డేటాబేసు ఆజ్ఞగా మార్చును. డేటాబేసు ఇచ్చిన జవాబును వెబ్ పుటగా మార్చి సర్వరునకు అందించును. తాను మాత్రము ఎవరికిని కనబడదు.

ఈ ప్రోగ్రాములలో అనేకములు చిన్నవి. వానిని వ్రాసినవారి పేర్లు చరిత్రలో పెద్దగా వినబడవు. అయినను పాత విజ్ఞానమును పడగొట్టకుండ క్రొత్త లోకమునకు తలుపు తెరచినవి అవియే. ఆ తలుపున ఎవరు వచ్చుచున్నారో, ఏమి తెచ్చుచున్నారో చూడకపోయినచో ఎంత చేటు కలుగునో నేర్పినవియు అవియే.

అచ్చునకు ముందటి పత్రములు

ఈ కథకు ముఖ్యమైన రంగస్థలము అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము నిర్వహించు స్లాక్ అను పరిశోధన కేంద్రము. 1962లో స్థాపితమైన ఆ కేంద్రమున సుమారు 3 కిలోమీటర్ల పొడవు గల యంత్రమును నిర్మించి, అందు ఎలక్ట్రానులను పరుగెత్తించి, పదార్థపు అంతరంగమును శోధించిరి. కాని ఈ కథకు కావలసినది ఆ యంత్రము కాదు, అచ్చటి గ్రంథాలయము.

భౌతిక శాస్త్రజ్ఞులకు ఒక ఆచారము కలదు. పత్రికలో వ్యాసము అచ్చుపడుటకు నెలలు పట్టును గనుక, అంతకు ముందే దాని ప్రతులు తీసి తోటివారికిని, పేరుగాంచిన సంస్థలకును తపాలాలో పంపెడివారు. వీనికి ప్రీప్రింట్లని పేరు. ఎవరి పేరు ఆ పంపకపు జాబితాలో ఉండునో వారికి క్రొత్త సంగతి ముందుగా తెలియును. లేనివారికి అచ్చైన పిదపనే తెలియును. విజ్ఞానమునందు సహితము అందరికిని ఒకే పంక్తిలో విస్తరి పడలేదన్నమాట.

స్లాక్ గ్రంథాలయమునకు చేరిన ప్రీప్రింట్లను లూయీజ్ ఆడిస్ అను గ్రంథపాలకురాలును, ఆమె సహచరులును శ్రద్ధతో పట్టికలకెక్కించిరి. 1960ల చివర స్టాన్‌ఫర్డులో స్పైర్స్ అను డేటాబేసు సాఫ్ట్‌వేరు రూపొందెను. 1974 నుండి జర్మనీలో హాంబర్గు నగరమందలి డేజీ పరిశోధన కేంద్రపు గ్రంథాలయముతో కలిసి, కణభౌతిక శాస్త్ర వాఙ్మయమును స్లాక్ ఆ డేటాబేసులో కూర్చుచు వచ్చెను. ప్రతి పత్రమునకును కర్తలెవరు, శీర్షిక యేమి, ఏ సంస్థనుండి వచ్చినది, ఏ పూర్వపత్రములను పేర్కొన్నది అను వివరములన్నియు మనుష్యులే చూచి చేర్చవలెను. తేనెటీగలు పట్టు కట్టినట్లు సంవత్సరముల తరబడి సాగిన పని యిది. 1990ల ఆరంభము నాటికి అందు లక్షల కొలది పత్రముల వివరములు నిండెను.

నిధి సమకూడినది గాని దానిని తెరచు తాళపుచెవి కొందరి చేతనే యుండెను. స్పైర్స్ నివసించినది ఐ.బి.ఎం. వారి పెద్ద కంప్యూటరులో. దానిని వాడవలెనన్న అచ్చట ఖాతా ఉండవలెను. ఆ యంత్రపు మర్యాదలు తెలియవలెను. కర్తకు ఒక గుర్తు, శీర్షికకు ఒక గుర్తు, తేదీకి ఒక గుర్తు చొప్పున ఆజ్ఞలు నేర్వవలెను. 1980లలో బిట్‌నెట్ అను నెట్‌వర్కు ద్వారా ప్రశ్నను సందేశముగా పంపి, జవాబును తెప్పించుకొను ఏర్పాటు జరిగినది. దానివలన దూరదేశములవారికి కొంత మేలు కలిగినను, బిట్‌నెట్ లేనివారికి వాకిలి మూసియే యుండెను.

టెలిఫోను పుస్తకపు మహిమ

ఇంతలో యూరపు ఖండమున జెనీవా చేరువనున్న సెర్న్ పరిశోధన కేంద్రమునందు మరియొక యత్నము సాగుచుండెను. అచ్చటికి నానాదేశముల శాస్త్రజ్ఞులు వత్తురు. కొంతకాలము పనిచేసి పోవుదురు. వారి వెంట వారికి తెలిసిన సంగతులును పోవును. ఉన్న సమాచారమైనను ఒక చోట లేదు. ఒక్కొక్క రకపు కంప్యూటరులో ఒక్కొక్క తునక కలదు. ఈ చిక్కును విడదీయుటకు టిమ్ బర్నర్స్-లీ 1989 మార్చిలో ఒక ప్రతిపాదన వ్రాసెను. 1990 చివరకు నెక్‌స్ట్ అను కంప్యూటరుపై తొలి బ్రౌజరును, తొలి సర్వరును సిద్ధపరచెను. ఉన్న డేటాబేసులను కదల్చకుండ, వాని ముందు గేట్‌వేలు నిలుపవచ్చునను ఆలోచన ఆయనకు మొదటినుండియు ఉన్నది.

ఎంత గొప్ప ఊహ యైనను నిత్యజీవితమున నలుగురికి ఉపయోగపడిననేగాని నాటుకొనదు. సెర్న్‌లో అట్టి ఉపయోగము కలిగించినది టెలిఫోను పుస్తకము. వేలాది మంది పనిచేయు ఆ చోట ఎవరి నెంబరు కావలసినను పెద్ద కంప్యూటరులో ప్రవేశించి వెదకవలసి యుండెను. ఆ ఒక్క పనికై తమ తెరపై ఒక కిటికీని ఎల్లప్పుడును ఆ యంత్రమునకు తగిలించి ఉంచుకొన్నవారు సహితము కలరు. ఆ కంప్యూటరుపై టెలిఫోను జాబితాను, ఇతర సమాచారమును కనిపెట్టి చూచుచుండిన బెర్న్డ్ పోలర్‌మన్ 1991లో దానిని వెబ్‌కు కలుపుటకు పూనుకొనెను. ఏ తెరపైనైనను పనిచేయు సరళమైన బ్రౌజరును నికోలా పెల్లో అను గణితశాస్త్ర విద్యార్థిని వ్రాసెను.

ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. టెలిఫోను జాబితాను ఎవ్వరును వేల కొలది వెబ్ పుటలుగా తిరిగి వ్రాయలేదు. అది ఉన్నచోటనే ఉన్నది. నడుమ ఒక దుబాసీ మాత్రము నిలిచినది. అంతటితో వెబ్ అను మాటపై ఆసక్తి లేనివారు సహితము నెంబరు కావలసినప్పుడు దానిని తెరువసాగిరి.

అట్లాంటిక్ దాటిన ప్రశ్న

1991 సెప్టెంబరు 13న స్లాక్ భౌతిక శాస్త్రజ్ఞుడు పాల్ కూంజ్ సెర్న్‌కు వచ్చి బర్నర్స్-లీని కలిసికొనెను. వెబ్ పనిచేయు తీరును చూచిన ఆయనకు వెంటనే తట్టినది స్పైర్స్. సెర్న్‌లోని కంప్యూటరును వెబ్ ద్వారా ప్రశ్నింపగలిగినప్పుడు స్లాక్‌లోని కంప్యూటరును ఏల ప్రశ్నింపరాదు? ఆయన కాలిఫోర్నియాకు మరలి లూయీజ్ ఆడిస్‌కు ఈ సంగతి చెప్పెను. తన పట్టికను నానావిధ కంప్యూటర్లు వాడువారికి ఎట్లు అందించుటయా యని చిరకాలముగా ఆలోచించుచున్న ఆమె, ఇదియే ఆ మార్గమని గ్రహించి పని ముందుకు సాగునట్లు పట్టుపట్టెను. కూంజ్‌తోపాటు టెర్రీ హంగ్, జార్జ్ క్రేన్ మొదలగువారు పూనుకొనగా, 1991 డిసెంబరు 12న స్లాక్ సర్వరు లేచి నిలిచెను. యూరపునకు వెలుపల మొట్టమొదటి వెబ్ సర్వరు అదియే.

ఆ తొలి పుట యెంత చిన్నదో చూచినచో ఆశ్చర్యము కలుగును. కొలది పంక్తులు, రెండు దారులు. ఒకటి స్లాక్ ఉద్యోగుల టెలిఫోను జాబితాకు. రెండవది స్పైర్స్‌లోని శాస్త్రపత్రముల పట్టికకు. రెండును డేటాబేసులే. అమెరికాలో వెబ్ అడుగుపెట్టినది వ్రాసిన పుటలతో కాదు. అడిగిన చెప్పు జాబితాలతో.

పనిచేయు తీరు సులభముగా చెప్పవచ్చును. వెదకదగిన పుట యని బ్రౌజరునకు తెలియజేయు ఒక గుర్తు పుటలో ఉండును. దానిని చూచిన బ్రౌజరు చదువరిని మాట అడుగును. చదువరి కొట్టిన మాటలను చిరునామా చివర ఒక ప్రశ్నార్థకపు గుర్తు పెట్టి, దాని వెనుక చేర్చును. మాటకు మాటకు నడుమ ఖాళీకి బదులు కూడిక గుర్తు నుంచును. సర్వరు ప్రశ్నార్థకమునకు ముందున్నదానిని చూచి ఏ గేట్‌వేను పిలువవలెనో తెలిసికొనును. వెనుకనున్నదానిని ఆ గేట్‌వే చేతిలో పెట్టును. గేట్‌వే ఆ మాటలతో డేటాబేసునకు తెలిసిన ఆజ్ఞను కూర్చును. వచ్చిన జవాబునకు పుట రూపము తొడిగి మరల పంపును. నేటికిని వెదకిన పిమ్మట తెరపై చిరునామాను పరికించినచో ఆ ప్రశ్నార్థకపు గుర్తు తరచుగా కనబడును. అది 1990ల తొలినాళ్ళ గేట్‌వేలు విడిచిపోయిన పాదముద్ర.

1992 జనవరిలో ఫ్రాన్సు దక్షిణ తీరమందలి లా లోండ్ అను ఊర భౌతిక శాస్త్రజ్ఞుల సమావేశము జరిగెను. బర్నర్స్-లీ అందు వెబ్‌ను ప్రదర్శించుచు, ముగింపుగా స్లాక్‌లోని స్పైర్స్‌ను ప్రశ్నించి జవాబు తెప్పించెను. సభికులకు స్పైర్స్ అనిన తెలియును. దానిని చేరుటలోని శ్రమయు తెలియును. సముద్రము ఆవలినున్న ఆ పట్టిక ఖాతా లేకుండ, ఆజ్ఞలు నేర్వకుండ తమ యెదుట పలుకుట వారు చూచిరి. ఇంటికి పోయిన ప్రతివాడును తన సంస్థలో బ్రౌజరు కావలెనని కోరుటకు అంతకంటె కారణము అక్కరలేదు.

తరువాత ఈ దారి ఇంకను వెడలుపైనది. 1991 ఆగస్టులో లాస్ ఆలమోస్ ప్రయోగశాలయందు పాల్ గిన్స్‌పార్గ్ ప్రీప్రింట్ల పూర్తిపాఠములను ఈ-మెయిలు ద్వారా పంచు ఏర్పాటు ప్రారంభించి యుండెను. అదియు వెబ్‌కు ఎక్కినపిమ్మట స్పైర్స్ జవాబులోని శీర్షికనుండి నేరుగా పత్రమునకు పోవుట సాధ్యమాయెను. తపాలా జాబితాలో పేరులేని చిన్న కళాశాల అధ్యాపకునకును అగ్రసంస్థల ఆచార్యునకును ఒకేనాడు ఒకే పత్రము చేతికందెను. పంక్తిభేదము అంతటితో పూర్తిగా తొలగినదనలేము గాని, విస్తరి మాత్రము అందరికిని పడినది.

దుబాసీలకొక ఒప్పందము

ఆ రోజులలో వెదకుడు విద్యకు పేరుగాంచిన మరియొక ఏర్పాటు వేస్. థింకింగ్ మెషీన్స్ సంస్థలో బ్రూస్టర్ కాలే మొదలగువారు యాపిల్, డౌజోన్స్, కె.పి.ఎం.జి. సంస్థల తోడ్పాటుతో దీనిని రూపొందించిరి. 1991లో దాని సాఫ్ట్‌వేరు లోకమునకు అందినది. గ్రంథాలయముల కంప్యూటర్లు ఒండొంటితో మాట్లాడుకొనుటకు 1988లో ఏర్పడిన జడ్39.50 అను ప్రమాణము దానికి పునాది. వేస్ పత్రములలోని ప్రతి మాటను సూచికకెక్కించును. అడిగిన మాటలకు ఏ పత్రము ఎంత తగినదో లెక్కించి, అన్నిటికంటె తగినదానికి 1000 మార్కులిచ్చి, తక్కినవానిని వరుసగా పేర్చి చూపును. కాని దానికి దాని సొంత బ్రౌజరు కావలెను. వెబ్ బ్రౌజరుతో దానిని అడుగుటకు మరల గేట్‌వే అవసరమాయెను. సెర్న్‌వారు ఒకటి చేసిరి; కెవిన్ హ్యూస్ మరియొకటి వ్రాసెను; జర్మనీలోని డార్ట్మండ్ విశ్వవిద్యాలయమున ఎస్.ఎఫ్.గేట్ అనునది పుట్టెను.

ఇట్లు దుబాసీలు పెరుగగా ఒక చిక్కు వచ్చిపడెను. సర్వరు ప్రశ్నను దుబాసీకి ఏ రీతిని అప్పగించవలెను? సెర్న్ సర్వరుది ఒక పద్ధతి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఎన్.సి.ఎస్.ఎ. అను కేంద్రమునందు తయారైన సర్వరుది మరియొక పద్ధతి. ఒకదానికై వ్రాసిన గేట్‌వే రెండవదానికి పనికిరాదు. ఎన్.సి.ఎస్.ఎ. సర్వరు వ్రాసిన రాబ్ మెకూల్ అప్పటికి విద్యార్థి. ఆయనయు, సెర్న్ సర్వరును చూచుచుండిన అరి లుఓటొనెన్‌యు, జాన్ ఫ్రాంక్స్, జార్జ్ ఫిలిప్స్, టోనీ శాండర్స్ మొదలగు ఇతర సర్వరుల రచయితలును 1993లో సంప్రదించుకొని ఒక మర్యాదకు ఒప్పుకొనిరి. దానికి కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్ అని పేరు, వాడుకలో సి.జి.ఐ.

ఒప్పందము మిక్కిలి సరళమైనది. సర్వరు ప్రశ్నను, అడిగినవాని యంత్రపు చిరునామాను, అడిగిన రీతిని నిర్ణీతమైన పేర్లతో ప్రోగ్రామునకు తెలుపును. పెద్ద ఫారమైనచో అందు నింపిన సంగతిని ధారగా లోనికి పంపును. ప్రోగ్రాము తన జవాబు ఏ రకమైనదో ఒక పంక్తిలో చెప్పి, ఒక పంక్తి ఖాళీ విడిచి, పుటను వెలువరించును. తరువాత ప్రోగ్రాము ముగియును. ఏ కంప్యూటరు భాషలో వ్రాసినను సరే. నియమము పాటించిన చాలును. ఏ సంస్థ అనుమతియు, ఏ రుసుమును లేదు. దాదాపు అదే కాలమున మొజాయిక్ బ్రౌజరులో ఫారములు నింపు వీలు కలిగెను. గ్రంథాలయమువాడు తన సూచికను, వర్తకుడు తన సరకుల పట్టికను, ఆచార్యుడు తన ప్రయోగ ఫలితములను వాకిట నిలుపగలిగిరి. వాడుకలో స్థిరపడిన ఆ ఒప్పందము 2004లో ఇంటర్నెట్ పత్రముగా లాంఛనముగా వెలువడినది.

సరళతకు మూల్యము లేకపోలేదు. ప్రతి ప్రశ్నకును ప్రోగ్రామును క్రొత్తగా నిద్రలేపి, పని ముగియగనే పంపివేయుట ఆ పద్ధతి. రోజుకు నూరుమంది అడిగినచో బాధ లేదు; నిమిషమునకు వేయిమంది అడిగినచో యంత్రము నిద్రలేపుటతోనే అలసిపోవును. అందుచేత దుబాసీని ఎల్లప్పుడును మేల్కొలిపి ఉంచు ఫాస్ట్ సి.జి.ఐ. వంటి పద్ధతులు 1996 ప్రాంతమున వచ్చినవి. రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పుటలకై వ్రాసికొనిన సి.జి.ఐ. ప్రోగ్రాములు 1995లో లోకమునకు విడుదలై, పి.హెచ్.పి. అను భాషగా పెరిగినవి. రూపములు మారినను వృత్తి మారలేదు. ప్రశ్నను పుచ్చుకొనుట, డేటాబేసు భాషలో చెప్పుట, జవాబును పుటగా ఇచ్చుట: నేటి మహావ్యాపారముల వెనుక జరుగుచున్నదియు ఇంతే.

తెలుగు మాట తొమ్మిది రెట్లు

ఆ తొలి దుబాసీలకు తెలిసిన లిపి రోమను లిపి యొక్కటే. చిరునామాలో ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప తక్కినవి నేరుగా చెల్లవు. మరి తెలుగువాడు తన భాషలో అడుగుట యెట్లు? యూనికోడ్ అను సర్వభాషా లిపి సంకేతము 1991లో వెలువడినప్పుడే అందు తెలుగునకు స్థానము లభించినది. తరువాత వ్యాపించిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతో మొదలగు మూడు గుర్తులుగా వ్రాయవలెను. అనగా ఒక్క 'అ' కారమునకు తొమ్మిది గుర్తులు. 'తెలుగు' అను మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు కలిసి ఆరు సంకేతములు. చిరునామాలో అవి 54 గుర్తులగును. నిఘంటువులో తెలుగు పదము వెదకువాని ప్రశ్న తెర వెనుక ఇంత పొడవు సాగి, గేట్‌వే చేతిలో మరల ముడుచుకొని, అక్షరమై డేటాబేసును చేరును. దుబాసీ ఈ లెక్క తప్పినచో చదువరికి అర్థము బదులు పిచ్చిగీతలు కనబడును. లిపిని గూర్చిన ఈ ఒప్పందము కుదిరిన పిమ్మటనే తెలుగువాడు తెలుగుననే అడుగుట సాధ్యమైనది.

వాకిలి కాపలా

దుబాసీ మంచివాడైనచో ఇల్లు వర్ధిల్లును. ఏమరుపాటు గలవాడైనచో ఇల్లు గుల్లయగును. గేట్‌వే ప్రోగ్రాము చేయుచున్న పనిని నిదానించి చూచినచో అందలి అపాయము తెలియగలదు. ఎవడో ముఖము తెలియనివాడు వీధినుండి ఒక మాట పంపును. గేట్‌వే ఆ మాటను ఇంటిలోని యంత్రమునకు ఆజ్ఞగా వినిపించును. ఆ మాటలోనే మరియొక ఆజ్ఞ దాగియున్నచో?

ఇది ఊహ కాదు. ఎన్.సి.ఎస్.ఎ. సర్వరుతోను, అపాచీ సర్వరుతోను మాదిరిగా వచ్చిన పి.హెచ్.ఎఫ్. అను చిన్న సి.జి.ఐ. ప్రోగ్రాము కలదు. దాని పని టెలిఫోను, ఈ-మెయిలు జాబితాలో పేరు వెదకి చూపుట. బయటివాడు పంపిన పేరులో అపాయకరమైన గుర్తులున్నచో వానిని నిర్వీర్యము చేయు ఏర్పాటు అందు ఉన్నది. కాని ఆ ఏర్పాటు ఒక్క గుర్తును మరచినది: పంక్తి ముగిసినదని తెలుపు గుర్తు. దుర్మార్గుడు పేరు వ్రాసి, ఆ గుర్తు పెట్టి, తరువాత తనకు కావలసిన ఆజ్ఞను వ్రాసినచో, యంత్రము మొదటి పంక్తిని పేరుగాను, రెండవదానిని యజమాని ఆజ్ఞగాను భావించి నెరవేర్చును. ఈ విధముగా సర్వరులోని ఖాతాల జాబితాను సహితము బయటకు రప్పింపవచ్చును. 1996 మార్చిలో సెర్ట్ అను భద్రతా కేంద్రము దీనిని గూర్చి లోకమును హెచ్చరించెను. సెర్న్‌లో వెబ్‌ను నలుగురికి ప్రియము చేసినది టెలిఫోను జాబితా. గేట్‌వేలను చూచి నలుగురు భయపడునట్లు చేసినదియు టెలిఫోను జాబితాయే.

ఒక గుర్తు మరచుటవలన వచ్చిన ముప్పు అంతటితో తీరలేదు. డేటాబేసు భాషయైన ఎస్.క్యు.ఎల్.లో ప్రశ్నలు కూర్చు గేట్‌వేలకు ఇదే తెగులు పట్టినది. వెదకుడు పెట్టెలో డేటాబేసు ఆజ్ఞను దూర్చి లోపలి జాబితాలను కొల్లగొట్టు విద్యను 1998లోనే వివరించిరి. 2014 సెప్టెంబరులో ఇంకొక పాత పగులు బయటపడెను. యునిక్స్ కంప్యూటర్లలో ఆజ్ఞలను నెరవేర్చు బాష్ అను ప్రోగ్రామునందు 1989 నుండి దాగియున్న దోషమది. సి.జి.ఐ. ఒప్పందము ప్రకారము సర్వరు బయటివాని మాటలను పేరుపెట్టి లోనికి అందించును గదా. ఆ మాటలలో దాచిన ఆజ్ఞను బాష్ నెరవేర్చివేయును. వెబ్ పుట్టుకకు ముందటి తప్పును, వెబ్ తొలినాటి సరళమైన మర్యాదయు కలిసి పాతికేండ్లకు విషమించినవి.

ఈ చరిత్రవలన తేలినది ఒకటే నీతి. పరుని మాటను పరుని మాటగానే ఉంచవలెను. ఆజ్ఞలో దానిని కలిపివేయరాదు. నేటి పద్ధతులలో ఆజ్ఞను వేరుగాను, వెదకవలసిన మాటను వేరుగాను డేటాబేసునకు అందింతురు. ఆ మాటలో ఏమి దాగియున్నను అది మాటగానే మిగులును. కంప్యూటర్లు మనుష్యభాషలో ప్రశ్నలు పుచ్చుకొని పనులు చక్కబెట్టుచున్న ఈ కాలమున సహితము ఈ నీతికి పదును తగ్గలేదు, ఇంకను పెరిగినది.

తలుపు వెనుక నిధి

గేట్‌వేల విషయమున మరియొక చింత కలదు. దానిని తలచునంతవారు తక్కువ. వెబ్ పుటలను సేకరించు యంత్రములు ఒక పుటనుండి మరియొక పుటకు దారులు పట్టుకొని పోవును. అవి దారి నడువగలవు గాని, పెట్టెలో ఏ మాట వ్రాసి అడుగవలెనో ఎరుగవు. అందుచేత అడిగిననేగాని పుట్టని పుటలు చాలవరకు వాని కంటబడవు. వేస్‌ను నిర్మించిన బ్రూస్టర్ కాలే 1995లో తన వేస్ సంస్థను అమెరికా ఆన్‌లైన్‌కు అమ్మి, 1996లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను స్థాపించెను. పాత వెబ్ పుటలను భద్రపరచుటలో దానికి సాటి లేదు. అయినను ఆ ఆర్కైవునందు ఒక పాత గ్రంథసూచిక వాకిలి పుట దొరకవచ్చును. వెదకు పెట్టె కనబడవచ్చును. మాట వ్రాసి మీట నొక్కినచో జవాబు మాత్రము రాదు. తలుపు బొమ్మ మిగిలినది, ఇల్లు లేదు. డేటాబేసులను వెదకుటకు సాధనములు చేసినవాని భాండాగారమునకే డేటాబేసులు అందకపోవుట విధివిలాసము.

స్పైర్స్ అదృష్టము వేరు. దాని పాత సాఫ్ట్‌వేరునకు వార్ధక్యము వచ్చినప్పుడు సెర్న్, డేజీ, ఫెర్మీల్యాబ్, స్లాక్ సంస్థలు కలిసి ఇన్‌స్పైర్ అను క్రొత్త ఏర్పాటు నిర్మించి, దశాబ్దముల పట్టికను అందులోనికి మార్చిరి. 2012లో స్పైర్స్ విశ్రమించెను. యంత్రము పోయినది, భాష పోయినది, 1991 నాటి గేట్‌వే పోయినది. గ్రంథపాలకులు ఒక్కొక్క పత్రమునకు ఒక్కొక్కటిగా వ్రాసిన వివరములు మాత్రము నిలిచినవి. వానిని విలువగలవని యెంచి, బాధ్యత వహించి, ఒక యింటినుండి మరియొక యింటికి మోసినవారు ఉన్నారు గనుక నిలిచినవి.

తెలుగునాట వ్రాతప్రతుల పట్టికలు, పాత పత్రికల సూచికలు, శాసనముల జాబితాలు కంప్యూటర్లకు ఎక్కించుచున్నవారు తలచవలసిన సంగతి ఇది. ముచ్చటైన వాకిలి కట్టుట సులభము. అది పదేండ్లకు పాతబడును, పడిపోవును. దాని వెనుక చేర్చిన పట్టికను వేరుగా, ఏ దుబాసీ వచ్చినను చదువగలిగిన రూపమున, ఒకటికి రెండు చోట్ల భద్రపరచినచో మరియొక వాకిలి కట్టుకొనవచ్చును. దుబాసీలు వత్తురు, పోవుదురు. చెప్పుటకు ఇంటిలో ఏమైనను మిగిలియున్నప్పుడే వారికి పని.